పరమాణు నిర్మాణం – నేలలో పోషకాల నడవడి

వరి నాటిన రెండు నుంచి నాలుగు వారాలలో ముదురాకులపై తుప్పు రంగు మచ్చలు ఏర్పడి, ఆకులు పెళుసెక్కి, వంచినప్పుడు శబ్దం చేస్తూ విరిగితే దానిని జింకు లోపంగా గుర్తించడం విస్తరణ శాస్త్రవేత్తలకు పరిపాటి. అదే గ్రామంలో సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలలో వేసిన వేరుశనగలో లేత ఆకులు ఈనెల నడుమ పసుపు పచ్చగా మారి, తీవ్రత పెరిగినప్పుడు తెల్లబారితే అది ఇనుప ధాతు లోపం. వరి మడిలో ఇనుముకు సాధారణంగా కొదువ ఉండదు. అక్కడ కరువైనది జింకు. వేరుశనగ చేనులో మట్టి బరువులో గణనీయమైన పాలు ఇనుమే అయినా, మొక్క మాత్రం ఆ ఇనుము అందక పాలిపోతుంది.

ఆవర్తన పట్టికలో ఇనుము 26వ స్థానంలో, జింకు 30వ స్థానంలో ఉన్నాయి. రెండూ ఒకే వరుసకు చెందిన లోహాలు. రెండూ రెండేసి ధనావేశాలు గల అయానులుగా వేరుకు అందగలవు. ఇంత దగ్గరి బంధువులు నీరు నిలిచిన మడిలో ఒక విధంగా, గాలి ఆడే మెట్ట చేనులో మరొక విధంగా ఎందుకు ప్రవర్తిస్తాయి? ఈ ప్రశ్నకు సమాధానం ఎరువుల పట్టికలో దొరకదు, పరమాణువు నిర్మాణంలో దొరుకుతుంది. సిఫారసును కంఠస్థం చేసిన విద్యార్థి పరిస్థితి మారినప్పుడు తడబడతాడు. ఆ సిఫారసు వెనుక ఉన్న ఎలక్ట్రాన్ల అమరికను గ్రహించినవాడు కొత్త పరిస్థితిలోనూ కారణాన్ని ఊహించగలడు. వేసిన ఎరువు పని చేయకపోతే నష్టపోయేది రైతు, నమ్మకం కోల్పోయేది సలహా ఇచ్చిన అధికారి. అందువల్ల ఈ విషయం కేవలం రసాయనశాస్త్ర పాఠంగా మిగిలిపోదగినది కాదు.

కేంద్రకం – ఎలక్ట్రాన్లు

పరమాణువు విభజనకు లొంగని గట్టి గుండు అన్న భావన పంతొమ్మిదవ శతాబ్దం చివరి వరకు కొనసాగింది. 1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ కాథోడ్ కిరణాలను పరిశీలించి, అవి ఋణావేశం గల సూక్ష్మ కణాలని నిరూపించారు. అవే ఎలక్ట్రాన్లు. 1909లో మాంచెస్టరులో గైగర్, మార్స్‌డెన్ పలుచని లోహపు రేకుపైకి ఆల్ఫా కణాలను పంపగా, వాటిలో అత్యధిక భాగం నేరుగా దూసుకుపోయాయి. అతి కొద్ది కణాలు మాత్రం వెనుదిరిగి వచ్చాయి. పరమాణువులో ఎక్కువ భాగం శూన్యమనీ, దాని ధనావేశమంతా, దాదాపు ద్రవ్యరాశి అంతా నడుమ ఒక చిన్న కేంద్రకంలో ఇమిడి ఉందనీ 1911లో రూథర్‌ఫర్డ్ ఈ ఫలితాన్ని వివరించారు. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొనడంతో కేంద్రకం కూర్పు స్పష్టమైంది. ధనావేశం గల ప్రోటాన్లు, ఆవేశం లేని న్యూట్రాన్లు కలిసి కేంద్రకం అవుతుంది. ఎలక్ట్రాన్ బరువు ప్రోటాన్ బరువులో సుమారు 1836వ వంతు మాత్రమే.

పరిమాణాన్ని ఊహించుకోవడానికి పొలం కొలతే తోడ్పడుతుంది. జింకు పరమాణువును చతురస్రాకారపు ఎకరం పొలమంత పెద్దది చేసి చూస్తే, దాని కేంద్రకం ఆ పొలం నడుమ పడి ఉన్న ఆవగింజ పాటి ఉంటుంది. బరువంతా ఆ గింజలోనే ఉన్నా, పక్క పొలంతో అంటే పక్క పరమాణువుతో సంబంధం కలిగేది మాత్రం గట్టు వద్దనే. రసాయన చర్యలన్నీ ఈ గట్టు వద్ద, వెలుపలి ఎలక్ట్రాన్ల మధ్య జరుగుతాయి. కేంద్రకాలు వాటిలో పాల్గొనవు.

కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యే ఆ మూలకపు పరమాణు సంఖ్య. 1913లో మోస్లీ ఎక్స్ కిరణాల పౌనఃపున్యాలను కొలిచి, మూలకాల వరుసను నిర్ణయించేది పరమాణు భారం కాదనీ, కేంద్రకపు ఆవేశమనీ చూపారు. 1869లో మెండలీవ్ ప్రకటించిన పట్టికకు ఆ విధంగా గట్టి పునాది లభించింది. 19 ప్రోటాన్లు ఉన్నది పొటాషియం. 20 ఉంటే అది కాల్షియం. ఈ రెంటి మధ్య మరొక మూలకానికి తావు లేదు.

కర్పరాలు – అయానులు

ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ ఇష్టం వచ్చిన దూరంలో ఉండవనీ, నిర్దిష్టమైన శక్తి స్థాయిలలో మాత్రమే ఉంటాయనీ 1913లో నీల్స్ బోర్ ప్రతిపాదించారు. గ్రహాల వలె స్పష్టమైన దారులలో ఎలక్ట్రాన్లు తిరుగుతాయన్న ఊహ తరువాతి కాలంలో నిలువలేదు. ఎలక్ట్రాన్ ఎక్కడ ఉండడానికి ఎంత అవకాశం ఉందో తెలిపే ఆర్బిటాళ్ళు ఆ దారుల స్థానాన్ని ఆక్రమించాయి. అయితే శక్తి స్థాయిలు నిర్దిష్టమన్న మూల భావన చెక్కుచెదరలేదు. మొదటి కర్పరంలో 2, రెండవ దానిలో 8, మూడవ దానిలో 18 ఎలక్ట్రాన్ల వరకు ఇముడుతాయి. ప్రతి కర్పరం తిరిగి ఎస్, పి, డి, ఎఫ్ అనే ఉపకర్పరాలుగా విడిపోతుంది. వీటిలో ఎస్ ఉపకర్పరానికి 2, పి ఉపకర్పరానికి 6, డి ఉపకర్పరానికి 10 ఎలక్ట్రాన్లు గరిష్ఠ పరిమితి.

పొటాషియం ఎలక్ట్రాన్ విన్యాసం 2, 8, 8, 1. చిట్టచివరి ఒక్క ఎలక్ట్రాన్‌ను కోల్పోతే మిగిలేది ఆర్గాన్ వంటి స్థిరమైన అమరిక. కాల్షియం విన్యాసం 2, 8, 8, 2 కనుక అది రెండు ఎలక్ట్రాన్లను వదలి రెండు ధనావేశాలు పొందుతుంది. క్లోరిన్ విన్యాసం 2, 8, 7. అది ఒక ఎలక్ట్రాన్‌ను స్వీకరించి ఋణ అయాను అవుతుంది. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అనే ఎరువు పొటాషియం వదలిన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ అందుకొనగా ఏర్పడిన లవణం. ఒక్క ఎలక్ట్రాన్ తేడా ఎంత పెద్దదో ఈ ఎరువే చెబుతుంది. పొటాషియం లోహం నీటిని తాకిన వెంటనే మండుతుంది. పొటాషియం అయాను మాత్రం మొక్క కణరసంలో ప్రశాంతంగా ఉంటూ ఆకు రంధ్రాలు తెరుచుకోవడాన్ని, మూసుకోవడాన్ని నియంత్రిస్తుంది.

ఒకే గ్రూపులోని మూలకాల చివరి కర్పరంలో ఎలక్ట్రాన్ల సంఖ్య సమానం కనుక వాటి నడవడిలోనూ పోలిక కనిపిస్తుంది. బార్లీ వేళ్ళు పొటాషియంను గ్రహించే తీరును అధ్యయనం చేయడానికి 1952లో ఎప్‌స్టీన్, హేగన్ అదే గ్రూపులోని రుబీడియంను ఉపయోగించగలిగారు. ఈ పోలిక హాని కూడా కలిగిస్తుంది. భాస్వరం, ఆర్సెనిక్ రెండింటికీ చివరి కర్పరంలో 5 ఎలక్ట్రాన్లు ఉన్నాయి. గాలి ఆడే నేలలో ఆర్సెనేట్ అయాను ఫాస్ఫేట్ అయానును పోలి ఉండడం వల్ల, ఫాస్ఫేట్ కొరకు వేరు తెరిచిన ద్వారం గుండానే మొక్కలోకి ప్రవేశిస్తుంది.

బంకమట్టిలో ఋణావేశం

1850లో ఇంగ్లండులో జాన్ థామస్ వే ఒక ముఖ్యమైన పరిశీలనను ప్రకటించారు. అమ్మోనియం లవణాల ద్రావణాన్ని మట్టి గుండా పోనిస్తే, అమ్మోనియం మట్టిలో నిలిచిపోయి, దానికి బదులుగా ప్రధానంగా కాల్షియం బయటకు వచ్చింది. ఆనాటికి ఎలక్ట్రాన్ అన్న మాటే లేదు. మట్టి ఈ మార్పిడి ఎందుకు చేస్తుందో తెలియడానికి మరొక ఎనభై ఏళ్ళు పట్టింది. 1930 ప్రాంతంలో ఎక్స్ కిరణాల సహాయంతో బంకమట్టి ఖనిజాలు స్ఫటికాలేనని తేలింది. లైనస్ పౌలింగ్ అభ్రకం, దాని వంటి ఖనిజాల పొరల నిర్మాణాన్ని వివరించారు.

ఈ పొరలలో సిలికాన్‌కు నాలుగు, అల్యూమినియంకు మూడు ధనావేశాలు ఉంటాయి. ఖనిజం ఏర్పడే సమయంలో సిలికాన్ ఉండవలసిన చోట కొన్నిసార్లు అల్యూమినియం, అల్యూమినియం ఉండవలసిన చోట రెండు ధనావేశాల మెగ్నీషియం చేరుతాయి. పరిమాణం దాదాపు సరిపోవడం వల్ల స్ఫటికం ఆకారం చెడదు. అయితే అటువంటి ప్రతి చోట ఒక ధనావేశం తగ్గుతుంది, ఆ మేరకు పొరపై ఒక ఋణావేశం శాశ్వతంగా మిగిలిపోతుంది. నల్లరేగడి నేలలలోని స్మెక్టైటు ఖనిజాలు పొటాషియం, కాల్షియం, అమ్మోనియం అయానులను అధికంగా పట్టి ఉంచడానికి ప్రధాన కారణం ఇదే. ధన అయానుల వినిమయ సామర్థ్యం అని నేల పరీక్షలో కొలిచేది ఈ ఋణావేశాన్నే. నైట్రేట్ అయానుకు ఉన్నది ఋణావేశం కనుక బంకమట్టి దానిని నిలుపుకోలేదు. వర్షం ఎక్కువైనప్పుడు నైట్రేట్ నీటితో పాటు కిందికి జారిపోతుంది. నత్రజనిని ఒకేసారి వేయక దఫాలుగా వేయాలన్న సూచనకు ఉన్న కారణాలలో ఇది ఒకటి.

ఆవేశంతో పాటు అయాను పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. బంకమట్టి పొరల ఉపరితలంపై ఆక్సిజన్ పరమాణువులు షట్కోణాలుగా అమరి, వాటి నడుమ చిన్న గుంటలు ఏర్పడతాయి. నీటిని వదలిన పొటాషియం, అమ్మోనియం అయానులు ఈ గుంటలలో సరిగ్గా ఇముడుతాయి. పొరలు దగ్గరకు జరిగినప్పుడు అవి లోపల చిక్కుకుపోతాయి. ఇల్లైటు, వర్మిక్యులైటు ఖనిజాలు గల నేలలలో వేసిన పొటాష్‌లో కొంత భాగం ఇలా స్థిరీకరణ చెంది, నెమ్మదిగా మాత్రమే విడుదల అవుతుంది.

సోడియం కథ మరొకటి. దానికీ చివరి కర్పరంలో ఒకే ఎలక్ట్రాన్. అయితే అయాను చిన్నది కావడంతో నీటి అణువులను తన చుట్టూ గట్టిగా పట్టి ఉంచుతుంది. ఆవేశం ఒక్కటే కావడం, నీటి తొడుగు పెద్దది కావడం వల్ల బంకమట్టి రేణువులను దగ్గరకు చేర్చలేదు. రేణువులు విడిపోయి నేల రంధ్రాలు మూసుకుపోతాయి. క్షార నేలలలో నీరు ఇంకకపోవడం, ఎండినప్పుడు పైన గట్టి పెచ్చు కట్టడం దీని ఫలితమే. జిప్సం వేసినప్పుడు రెండు ధనావేశాల కాల్షియం సోడియంను తొలగించి ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. అలా తొలగిన సోడియం మురుగు నీటితో బయటకు పోయే మార్గం లేకపోతే జిప్సం వల్ల ప్రయోజనం ఉండదు. అయాను స్థానం మారుతుందే తప్ప నాశనం కాదు.

ఇనుము – జింకు

ఇనుము ఎలక్ట్రాన్ విన్యాసం 2, 8, 14, 2. జింకు విన్యాసం 2, 8, 18, 2. రెండింటికీ చివరి కర్పరంలో రెండేసి ఎలక్ట్రాన్లు ఉన్నాయి, వాటిని కోల్పోతే రెండూ రెండు ధనావేశాల అయానులు అవుతాయి. తేడా లోపలి డి ఉపకర్పరంలో ఉంది. జింకులో అది 10 ఎలక్ట్రాన్లతో నిండి ఉంది. ఇనుములో దాని సంఖ్య 6. ఇనుము మరొక ఎలక్ట్రాన్‌ను కూడా వదలి, సగం నిండిన 5 ఎలక్ట్రాన్ల స్థిరమైన అమరికకు చేరుకోగలదు. మూడవ ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి ఇనుముకు మోలుకు సుమారు 2957 కిలోజౌళ్ళ శక్తి సరిపోతే, జింకుకు సుమారు 3833 కిలోజౌళ్ళు కావాలి. అందువల్ల నేలలో ఇనుము రెండు ధనావేశాల ఫెర్రస్ రూపానికీ, మూడు ధనావేశాల ఫెర్రిక్ రూపానికీ మధ్య మారుతూ ఉంటుంది. జింకు ఎల్లప్పుడూ రెండు ధనావేశాలతోనే ఉండిపోతుంది.

గాలి ఆడే నేలలో ఇనుము ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. ఫెర్రిక్ అయాను మూడు హైడ్రాక్సైడ్ అయానులతో కలిసి కరగని పదార్థంగా మారుతుంది. ఈ మూడు అన్న సంఖ్యలోనే రైతు కష్టం దాగి ఉంది. ఉదజని సూచిక ఒక ప్రమాణం పెరిగితే హైడ్రాక్సైడ్ గాఢత పది రెట్లు పెరుగుతుంది. మూడు హైడ్రాక్సైడ్లు పాల్గొంటాయి కనుక ద్రావణంలో ఫెర్రిక్ అయాను గాఢత వెయ్యి రెట్లు తగ్గుతుంది. జింకుకు రెండు ధనావేశాలే కనుక తగ్గుదల వంద రెట్లు. ఉదజని సూచిక 6 ఉన్న నేలతో పోలిస్తే 8 ఉన్న నేలలో ఫెర్రిక్ అయాను 10 లక్షల రెట్లు, జింకు అయాను 10 వేల రెట్లు తక్కువగా ద్రావణంలో ఉంటాయి. సున్నపు నేలలో వేరుశనగ ఎందుకు పాలిపోతుందో ఈ లెక్క వివరిస్తుంది. భూమి పైపొరలో ఇనుము సుమారు 5 శాతం ఉన్నా, మొక్కకు కావలసినది ఉన్న ఇనుము కాదు, కరిగిన ఇనుము.

వరి మడిలో నీరు నిలిచినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. ఆక్సిజన్ త్వరగా ఖర్చయిపోతుంది. సూక్ష్మజీవులు శ్వాసక్రియలో విడుదలయ్యే ఎలక్ట్రాన్లను అందుకొనడానికి ముందుగా నైట్రేట్‌ను, పిదప మాంగనీసును, ఆ తరువాత ఫెర్రిక్ ఇనుమును ఆశ్రయిస్తాయి. ఎలక్ట్రాన్ అందుకొన్న ఫెర్రిక్ ఇనుము కరిగే ఫెర్రస్ రూపంలోకి మారుతుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన పొన్నంపెరుమ ఈ వరుసను వివరించిన తీరు నేటికీ ముంపు నేలల రసాయనశాస్త్రానికి ఆధారం. వరి వేరు తన నుంచి వెలువరించే ఆక్సిజన్‌తో ఫెర్రస్ ఇనుము తిరిగి ఫెర్రిక్‌గా మారడం వల్లనే వేళ్ళపై తుప్పు రంగు పూత ఏర్పడుతుంది. పెరికి చూసిన వరి దుబ్బు వేళ్ళపైనే ఆక్సీకరణను చూడవచ్చు.

జింకుకు ఈ మార్పు వల్ల మేలు కలగదు. డి ఉపకర్పరం నిండి ఉన్నందున సూక్ష్మజీవులు ఇచ్చే ఎలక్ట్రాన్లతో దానికి పని లేదు. పైగా నీరు నిలిచిన నేలలో పెరిగే బైకార్బొనేట్, తీవ్రమైన గాలి కొరతలో ఏర్పడే సల్ఫైడ్, అధికంగా వేసిన భాస్వరం జింకును కట్టడి చేస్తాయి. ఇనుమును విడిపించిన నీరే జింకును బంధిస్తుందన్నమాట. 1960ల్లో పంత్‌నగర్‌లో వరికి సోకిన ఖైరా వ్యాధికి కారణం శిలీంధ్రమో, వైరసో కాదనీ, జింకు లోపమనీ వై.ఎల్. నేనే గుర్తించారు. ఆయన తరువాతి కాలంలో హైదరాబాదు సమీపంలోని ఇక్రిశాట్‌లో పనిచేశారు. తెగులని భావించి మందులు చల్లినంత కాలం నయం కాని ఆ పైరును జింకు సల్ఫేటు బాగుచేసింది.

ఈ రెండు మూలకాల పాత్రలు మొక్కలోనూ ఇదే నియమాన్ని అనుసరిస్తాయి. కిరణజన్య సంయోగక్రియలో, శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లను చేతులు మార్చే ఫెర్రిడాక్సిన్, సైటోక్రోమ్‌లకు ఎలక్ట్రాన్‌ను తీసుకుని ఇవ్వగల ఇనుమే కావాలి. ఆవేశం మార్చని జింకు ప్రోటీన్ల ఆకృతిని నిలబెట్టడానికి, కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ వంటి ఎంజైములకు అనువైనది. ఇనుము మొక్కకు ఉపయోగపడేది ఏ గుణం వల్లనో, మెట్ట నేలలో చేజారిపోయేది కూడా ఆ గుణం వల్లనే.

నేటి విస్తరణ కార్యకర్తకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. నీటిని, కూలీని ఆదా చేయడానికి వరిని నేరుగా విత్తే పద్ధతి, ఆరుతడి పద్ధతి వ్యాపిస్తున్న కొద్దీ, ఒకప్పుడు జింకు లోపమే ప్రధానమైన పొలంలో ఇనుప లోపం తలెత్తవచ్చు. నేల అదే, పైరు అదే, మారినది ఇనుము మీది ఒక్క ఎలక్ట్రాన్. నీటి యాజమాన్యం మారినప్పుడు ధాతు లోపం పేరు కూడా మారుతుందని గుర్తించని సలహా పాత మందునే కొత్త జబ్బుకు వాడినట్లవుతుంది.

అన్నభేదికి నిమ్మ ఉప్పు తోడు

సున్నపు నేలలో అన్నభేదిని నేలపై వేస్తే దానిలోని ఫెర్రస్ ఇనుము త్వరలోనే ఎలక్ట్రాన్‌ను కోల్పోయి ఫెర్రిక్‌గా మారి కరగని రూపం దాలుస్తుంది. అందువల్ల వేరుశనగలో లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై పిచికారీ చేయాలన్న సిఫారసు అమలులో ఉంది. ఇందులో నిమ్మ ఉప్పు చేసే పని రెండు విధాలు. ద్రావణాన్ని ఆమ్లంగా ఉంచి ఇనుము ఆక్సీకరణను ఆలస్యం చేయడం మొదటిది. రెండవది, తన అణువులోని ఆక్సిజన్ పరమాణువుల వద్ద ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్ జంటలను ఇనుముకు అందించి, దానిని పట్టి ఉంచడం. నిమ్మ ఉప్పును మానివేస్తే ద్రావణం తుప్పు రంగుకు తిరిగి, ట్యాంకు అడుగున మడ్డి పేరుకుంటుంది. రైతు డబ్బు పెట్టి కొన్న ఇనుము ఆకును చేరకముందే ఫెర్రిక్‌గా మారిపోతుంది.

ఇలా ఒక లోహాన్ని పలు చోట్ల పట్టుకొనే సమ్మేళనాలను చీలేట్లు అంటారు. పీత డెక్క అన్న అర్థం గల గ్రీకు మాట నుంచి ఈ పేరు వచ్చింది. ఇ.డి.టి.ఎ. అణువు రెండు నత్రజని, నాలుగు ఆక్సిజన్ పరమాణువులతో లోహాన్ని ఆరు దిక్కుల నుంచి బంధించగలదు. ఆకు పచ్చదనానికి మూలమైన పత్రహరితంలో మెగ్నీషియంను నాలుగు నత్రజని పరమాణువులు ఇదే విధంగా నడుమ నిలుపుతాయి. మొక్కలు కూడా ఈ ఉపాయాన్ని వాడతాయి. గడ్డి జాతి పైర్లు ఫెర్రిక్ ఇనుమును పట్టి తెచ్చే పదార్థాలను వేళ్ళ నుంచి విడుదల చేస్తాయి. వేరుశనగ వంటి ద్విదళ బీజ పైర్లు వేరు ఉపరితలం వద్ద ఫెర్రిక్ ఇనుముకు ఎలక్ట్రాన్‌ను ఇచ్చి ఫెర్రస్‌గా మార్చి గ్రహిస్తాయి. సున్నపు నేలలోని బైకార్బొనేట్ ఈ ప్రయత్నానికి అడ్డు తగులుతుంది.

జింకు సల్ఫేటును భాస్వరం ఎరువులతో కలిపి వేయరాదన్న సూచనకు కూడా ఆవేశాల లెక్కే ఆధారం. రెండు ధనావేశాల జింకు, మూడు ఋణావేశాల ఫాస్ఫేట్ పరస్పరం ఆకర్షించుకొని తక్కువగా కరిగే జింకు ఫాస్ఫేట్‌గా మారతాయి. ఈ రెండింటి మధ్య కొన్ని రోజుల వ్యవధి పాటించడం మంచిది.

ప్రయోగశాలలో ఎలక్ట్రాన్ గెంతు

నేల పరీక్ష కేంద్రంలో పొటాష్‌ను కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటరు బోర్ సిద్ధాంతానికి నిత్య నిదర్శనం. మంట వేడికి పొటాషియం పరమాణువులోని చివరి ఎలక్ట్రాన్ పై స్థాయికి గెంతి, తిరిగి దిగేటప్పుడు ఆ రెండు స్థాయిల భేదాన్ని కాంతిగా వెలువరిస్తుంది. ఆ కాంతి తరంగ దైర్ఘ్యం 766.5 నానోమీటర్లు. సోడియం వెలువరించే పసుపు కాంతి 589 నానోమీటర్లు. మెట్లు ప్రతి మూలకానికి వేరు కనుక ఒక మూలకపు కాంతి మరొక దానితో సరిగ్గా సరిపోలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి సూర్యుని జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించారు. ఆ ఏడాది సూర్యుని వర్ణపటంలో కనిపించిన ఒక పసుపు గీత సోడియం గీతకు దగ్గరగా ఉన్నా దానితో ఏకీభవించలేదు. అది అప్పటికి భూమిపై ఎవరూ ఎరుగని హీలియందని తరువాత తేలింది.

జింకు, ఇనుము, రాగి, మాంగనీసు వంటి సూక్ష్మపోషకాలను కొలవడానికి అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోఫోటోమీటరును వాడతారు. 1955లో ఆస్ట్రేలియాలో ఆలన్ వాల్ష్ ప్రకటించిన పద్ధతి దీనికి మూలం. ఇక్కడ కొలిచేది వెలువడిన కాంతిని కాదు, పరమాణువులు పీల్చుకొన్న కాంతిని. జింకును కొలవడానికి జింకుతోనే చేసిన కాథోడ్ గల దీపం కావాలి. అది వెలువరించే 213.9 నానోమీటర్ల కాంతిని మంటలోని జింకు పరమాణువులు గ్రహిస్తాయి, ఇనుము పరమాణువులు ఆ కాంతికి దాదాపు స్పందించవు. డి.టి.పి.ఎ. అనే చీలేటుతో మట్టి నుంచి తీసిన జింకు 0.6 పీపీఎం కంటే తక్కువగా ఉంటే లోపంగా పరిగణించడం మన దేశంలో పరిపాటి. పరీక్ష పత్రంలో రైతు చూసే ఆ ఒక్క అంకె వెనుక చీలేటు పట్టు, ఎలక్ట్రాన్ గెంతు రెండూ ఉన్నాయి.

కేంద్రకం చెప్పే మాట

ఒకే మూలకానికి చెందినా న్యూట్రాన్ల సంఖ్యలో తేడా గల పరమాణువులు ఐసోటోపులు. సాధారణ భాస్వరంలో 15 ప్రోటాన్లు, 16 న్యూట్రాన్లు ఉండగా, రేడియోధార్మిక భాస్వరం-32లో 17 న్యూట్రాన్లు ఉంటాయి. దాని అర్ధ జీవిత కాలం సుమారు 14.3 రోజులు. ఎలక్ట్రాన్లు రెండింటిలోనూ ఒకే విధంగా ఉన్నందున మొక్క ఈ తేడాను దాదాపు పట్టించుకోదు. పరికరం మాత్రం పసిగడుతుంది. 1923లో కోపెన్‌హేగన్‌లో హెవెసీ రేడియోధార్మిక సీసంతో చిక్కుడు జాతి మొక్కలో లోహం ప్రయాణాన్ని గమనించారు. జీవులలో ఐసోటోపును జాడగా వాడిన తొలి ప్రయోగంగా దీనికి పేరు. అంటే ఈ విద్య మొట్టమొదట ప్రయోజనం చూపినది మొక్కలోనే. 1943 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఈ కృషికే ఆయనకు లభించింది. ప్రకృతిలో సుమారు 0.37 శాతం మాత్రమే ఉండే, రేడియోధార్మికత లేని నత్రజని-15ను యూరియాలో అధిక మోతాదులో చేర్చి పొలంలో వేసినప్పుడు, గింజలోని నత్రజనిలో ఎంత ఎరువు నుంచి వచ్చిందో, ఎంత నేల నుంచి వచ్చిందో వేరు చేసి చెప్పవచ్చు. మామూలు విశ్లేషణకు ఈ రెండూ ఒకటే.

కేంద్రకం మరొక నిర్మొహమాటమైన సత్యాన్ని చెబుతుంది. ఎరువులు, ఆమ్లాలు, ఎంజైములు, సూక్ష్మజీవులు అన్నీ ఎలక్ట్రాన్ల స్థాయిలోనే పనిచేస్తాయి. ప్రోటాన్ల సంఖ్యను మార్చే శక్తి వాటికి లేదు. రైజోబియం గాలిలోని నత్రజని అణువులో ఉన్న మూడు బంధాలను విడదీసి అమ్మోనియాగా మార్చగలదు. అక్కడ ఉన్నది నత్రజనే, చివరికి మిగిలేదీ నత్రజనే. భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా నేలలో ఉన్న భాస్వరాన్ని విడిపిస్తుంది, లేని భాస్వరాన్ని సృష్టించలేదు. పొటాషియం కరువైన నేలలో సూక్ష్మజీవులు మరొక మూలకాన్ని పొటాషియంగా మారుస్తాయన్న ప్రచారం ఎక్కడ వినిపించినా దానిని తోసిపుచ్చడానికి ఈ ఒక్క సూత్రం చాలు. పంట పట్టుకుపోయిన పొటాషియం, భాస్వరం, జింకు నేల నిల్వ నుంచి పోయినవే. పశువుల ఎరువు రూపంలోనో, పంట వ్యర్థాల రూపంలోనో, రసాయన ఎరువు రూపంలోనో బయటి నుంచి తిరిగి చేరకపోతే ఆ నిల్వ తరుగుతూనే ఉంటుంది.

ముగింపు

పరమాణు నిర్మాణాన్ని ఇంటర్మీడియట్ పాఠంగా చదివి, మృత్తికా శాస్త్రాన్ని డిగ్రీ పాఠంగా చదివి, ఈ రెంటినీ వేర్వేరు అరలలో భద్రపరచుకోవడం విద్యార్థులలో తరచు కనిపిస్తుంది. జిప్సం వేసిన తరువాత మురుగు నీరు పోవలసిన అవసరం, నత్రజనిని దఫాలుగా వేయడం, అన్నభేదికి నిమ్మ ఉప్పు జోడించడం, జింకును భాస్వరానికి దూరంగా ఉంచడం అనేవి నాలుగు విడి సలహాలు కావు. అయాను ఆవేశం ఎంత, పరిమాణం ఎంత, అది ఎలక్ట్రాన్‌ను మార్చుకోగలదా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే సమాధానాలే అవి. పొలంలో కొత్త లక్షణం ఎదురైనప్పుడు సిఫారసుల పుస్తకం తెరవడానికి ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోగల శాస్త్రవేత్త, ఏ మూలకం లోపించిందన్న దానితో పాటు ఉన్న మూలకం ఎందుకు అందడం లేదో కూడా రైతుకు వివరించగలడు.